‘ఆస్ట్రేలియా’ సినిమా చూసే ముందు, చూశాక: విజయనగరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి రాత్రుళ్లు మా మేడ మీద గోడకి తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి సినిమాలు వేస్తుంటాం. ఇరుగుపొరుగువాళ్లు, వాళ్లింటికి వచ్చిన చుట్టాలు, కాలేజీ పిల్లలు వస్తారు. ‘ఆస్ట్రేలియా’ వేసినప్పుడల్లా అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. జవాబులన్నీ ఒక్కచోట ఉంటే బాగుంటుందని ఇది రాశాను. నాకు ఈ సినిమా అంటే ప్రాణం. అయినా దాని లోపాలు కూడా చెప్పాను.

ఏ సినిమా ఇది? ఎవరు తీశారు?

2008 నవంబరులో విడుదలైన సినిమా. దర్శకుడు బాజ్ లుర్మన్, ఆస్ట్రేలియావాడే. నాయిక నికోల్ కిడ్‌మన్, నాయకుడు హ్యూ జాక్‌మన్. నల్లా అనే కుర్రాడిగా బ్రాండన్ వాల్టర్స్ చేశాడు, అతనికిది మొదటి సినిమా. కుర్రాడి తాతగా వేసిన డేవిడ్ గుల్పిలిల్ అక్కడి ఆదివాసీ నటుల్లో అందరికంటే పేరున్నవాడు, 2021లో చనిపోయాడు. లుర్మన్‌కి మన దేశంతో ఒక బంధం ఉంది. ఇండియా వచ్చినప్పుడు హాలు నిండా జనం మధ్య కూర్చుని ఒక హిందీ సినిమా చూశాడు. నవ్వు, ఏడుపు, పాట అన్నీ ఒకే కథలో ఇమిడిపోవడం చూసి ఆశ్చర్యపోయానని, ‘మూలాన్ రూజ్’ తీయడానికి అదే ఊతమని తనే చెప్పాడు. ‘ఆస్ట్రేలియా’లోనూ ఆ ధైర్యం కనబడుతుంది.

ముగింపు చెప్పకుండా కథ చెప్పండి.

1939. సారా ఆష్లీ అనే ఇంగ్లాండు దొరసాని, ఉత్తర ఆస్ట్రేలియాలో ఉన్న భర్త పశువుల క్షేత్రాన్ని అమ్మేయించాలని బయల్దేరి వస్తుంది. తీరా వచ్చేసరికి భర్త హత్యకు గురై ఉంటాడు. మేనేజరు పశువుల్ని దొంగచాటుగా పక్క ఆసామికి తరలిస్తుంటాడు. మిగిలిన 1500 పశువుల్ని ఎడారి దాటించి డార్విన్ రేవుకి చేర్చి, సైన్యానికి మాంసం సరఫరా చేసే కాంట్రాక్టు గెలిస్తేనే ఆ క్షేత్రం నిలుస్తుంది. మందల్ని తోలే పనివాడు ఒకడు తోడొస్తాడు. సినిమా మొత్తంలో అతనికి పేరుండదు, అందరూ ‘డ్రోవర్’ అనే పిలుస్తారు. తల్లి ఆదివాసీ, తండ్రి తెల్లవాడు అయిన నల్లాని పోలీసులు పట్టుకుపోవాలని చూస్తుంటారు. ఈలోగా యుద్ధం ముంచుకొస్తుంది.

‘పాత తరహా సినిమా’ అంటారు. అందులో పాతదనం ఏమిటి?

ఎప్పుడో జరిగిన కథ కావడం వల్ల ఆ పేరు రాలేదు. తీసిన తీరులోనే పాతదనం ఉంది. 1939 నుంచి 1960ల దాకా హాలీవుడ్‌లో ఒక పద్ధతి నడిచింది. ఒక ప్రేమకథ తీసుకుంటారు, దాని వెనక ఒక దేశం తలరాత మారిపోతూ ఉంటుంది. మనుషులు చిన్నగా, ఆకాశం పెద్దగా కనిపిస్తుంది. మంచివాడెవడో చెడ్డవాడెవడో చూడగానే తెలుస్తుంది. సంగీతం దాక్కోదు, ఏడవాల్సిన చోట ముందు వాయిద్యాలే ఏడుస్తాయి. ‘గాన్ విత్ ద విండ్’ నాలుగు గంటలకి దగ్గర. దానికి విశ్రాంతి ఉండేది, తెర లేవకముందు వాయించే సంగీతం కూడా ఉండేది. 1953లో సినిమాస్కోప్ వచ్చాక ఆ వెడల్పాటి తెర ఇలాంటి కథలకి సరిగ్గా అమరింది. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటున్న జనాన్ని మళ్లీ హాలుకి రప్పించడానికే ఆ తెర పుట్టింది. తర్వాత ఖర్చులు మితిమీరాయి. 1963లో ‘క్లియోపాత్రా’ దాన్ని తీసిన స్టూడియోనే దాదాపు ముంచేసింది. ఆ పద్ధతి పల్చబడింది.

లుర్మన్ దాన్ని సిగ్గుపడకుండా తిరిగి తెచ్చాడు. సూర్యాస్తమయం ఎర్రగా మండుతుంది, నాయకుడు మొదటిసారి తెల్లకోటు వేసుకుని నృత్యశాల గుమ్మంలో నిలబడితే కెమెరా ఆగి చూస్తుంది. కొన్ని ఆకాశాలు కంప్యూటర్‌లో గీసినవని చూడగానే తెలుస్తుంది. వెనకటి సినిమాల్లో రంగులద్దిన గుడ్డ తెరలు కూడా అలాగే తెలిసిపోయేవి. ఆ తెలిసిపోవడమే నాకు అందంగా అనిపిస్తుంది.

మన పాత సినిమాలతో పోల్చొచ్చా?

పోల్చాలి. అసలు ఈ సినిమాకి సరైన ప్రేక్షకులు మనమే అని నా నమ్మకం. ఇంగ్లీషు విమర్శకులు కొందరు ‘ఒకే సినిమాలో హాస్యం, ప్రేమ, యుద్ధం, మంత్రం ఎలా పెడతారు?’ అని విసుక్కున్నారు. మనకది ప్రశ్నే కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ప్రేమ ఉంది, మాయ ఉంది, వంటశాల హాస్యం ఉంది, రాజకీయం ఉంది. ఒకదానికొకటి అడ్డం రావు. ఆ సినిమాకి నాలుగు పాటల వరుసలు కట్టి సాలూరు రాజేశ్వరరావు తప్పుకుంటే, మిగతా పని ఘంటసాల పూర్తి చేశాడు. సాలూరివారు పుట్టింది సాలూరు దగ్గర శివరామపురంలో. ఘంటసాల సంగీతం నేర్చుకుంది మన విజయనగరం సంగీత కళాశాలలో. పి. సుశీల ఈ ఊళ్లోనే పుట్టారు. మాట ఆగిపోయిన చోట రాగం కథని మోసుకెళ్లడం అనే విద్య తెలుగు సినిమాకి చాలావరకు ఈ చుట్టుపక్కల నుంచే వెళ్లింది. ‘ఆస్ట్రేలియా’లో తాత కొండ మీద ఒంటికాలి మీద నిలబడి పాడుతుంటే, ఎక్కడో ఉన్న మనవడికి అది వినిపిస్తుంది. దాన్ని ‘లాజిక్ లేదు’ అనకుండా స్వీకరించే చెవి మనకి ముందే తయారై ఉంది.

తెరల సంగతి కూడా చెప్పాలి. మొదటి పూర్తి నిడివి రంగుల తెలుగు సినిమా ‘లవకుశ’ 1963లో వచ్చింది. మొదటి తెలుగు సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. మన్యం కొండలు, ఒక మనిషి, ఒక దేశం: వెడల్పు తెర మీద మనవాళ్లు పెట్టుకున్న మొదటి కథ కూడా ఇదే కొలతలో ఉంది.

మొదటి అరగంట మరీ గోలగా ఉంది. ఆపేయబోయాం. ఎందుకలా?

చాలామంది అక్కడే లేచిపోతారు, నాకు బాధేస్తుంది. సారా డార్విన్‌లో దిగగానే డ్రోవర్ ఒక బార్ బయట కొట్లాటలో ఉంటాడు. ఆవిడ పెట్టెలనే ఆయుధాలుగా విసురుతాడు. అవి పగిలి దొరసాని లోదుస్తులు వీధిలో అందరి ముందూ పడతాయి. కిడ్‌మన్ నడక, అరుపు అన్నీ కావాలనే అతిగా చేసింది. మన పాత జానపదాల్లో రాజకుమారి మొదట్లో పొగరుగా ఉండి, అడవిలోకి అడుగుపెట్టాక మారే వరస గుర్తు తెచ్చుకోండి. నటన మెల్లగా దిగుతుంది. నీళ్ల ట్యాంకు సీను వచ్చేసరికి నవ్వు మొత్తం ఆరిపోతుంది. అంతవరకు ఓపిక పట్టండి. అయితే ఆ గోలని పది నిమిషాలు తగ్గించి ఉంటే మేలు, అది ఒప్పుకుంటాను.

ఏటండీ, మూడు గంటలా? మధ్యలో ఎక్కడ ఆపాలి?

165 నిమిషాలు. పశువులు రేవుకి చేరాక నృత్యం జరుగుతుంది, తర్వాత వానలు మొదలవుతాయి. ఆ వానలో ఆపి టీ తాగండి. అక్కడికి ఒక కథ నిజంగా పూర్తవుతుంది. సినిమాకి ఉన్న అతి పెద్ద ఇబ్బంది కూడా అదే, రెండో కథ మళ్లీ మొదటి నుంచి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తుంది. విశ్రాంతి ఇస్తే ఆ ఇబ్బంది సగం తీరుతుంది. థియేటర్లలో విశ్రాంతి లేకుండా చూసిన పరదేశాలవాళ్ల కంటే మనమే దీన్ని సరిగ్గా చూస్తున్నామేమో.

అందరూ చెప్పుకునే ఆ పశువుల సీనులో ఏముంది?

శత్రువులు నిప్పు పెడతారు. మంద బెదిరి ఎర్రటి లోయ అంచు వైపు పరుగు తీస్తుంది. గుర్రాల మీద పెద్దవాళ్లు అడ్డం తిప్పాలని చూసి ఓడిపోతారు. అప్పుడు నల్లా గుర్రం దిగి, అగాధం అంచున వీపు పెట్టి నిలబడతాడు. వాడి వెనక నేల లేదు, ముందు వందల కొమ్ములు. చెయ్యి చాచి, తాత నేర్పిన పాట గొంతులోనే సన్నగా అందుకుంటాడు. కాళ్లు వణుకుతాయి, చెయ్యి వణకదు. దుమ్ము వాడి దాకా వచ్చి దాటిపోతుంది. పశువులు ఆగుతాయి. ఆగిన మందలో ముందున్న ఎద్దు ముక్కు వాడి అరచేతికి దగ్గర్లో ఉంటుంది. అప్పటిదాకా హోరెత్తిన సంగీతం ఒక్కసారి ఆగిపోతుంది, ఊపిరి మాత్రం వినిపిస్తుంది.

ఇందులో చాలా పశువులు కంప్యూటర్‌లో పుట్టినవే. మా మేడ మీద ఆ క్షణంలో ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు.

పిల్లల్ని నిజంగా అలా పట్టుకుపోయేవారా? లేక సినిమా కోసం అల్లిందా?

నిజం. దీన్ని ముందుగా తెలుసుకుని చూస్తే సినిమా బరువు పదింతలవుతుంది. సుమారు 1910 నుంచి 1970 దాకా ఆస్ట్రేలియా ప్రభుత్వాలు ఆదివాసీ పిల్లల్ని, ముఖ్యంగా తెల్లవారి రక్తం కలిసిన పిల్లల్ని, తల్లుల ఒడిలోంచి లాక్కుని మిషన్లకి, హాస్టళ్లకి పంపాయి. డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో ‘చీఫ్ ప్రొటెక్టర్’ అనే అధికారే చట్టం ప్రకారం ఆ పిల్లలకి సంరక్షకుడు. కన్నతల్లి బతికే ఉన్నా అంతే. వాళ్ల భాష మాట్లాడనివ్వలేదు. ‘దొంగిలించబడిన తరాలు’ అని ఈరోజు వాళ్లని పిలుస్తారు. 1997లో వచ్చిన జాతీయ విచారణ నివేదిక ప్రకారం, ఆ కాలంలో ప్రతి పదిమంది ఆదివాసీ పిల్లల్లో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి వరకు ఇలా దూరమయ్యారు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. సినిమా అదే ఏడాది నవంబరులో వచ్చింది, చివర్లో తెర మీద ఆ క్షమాపణ ప్రస్తావన కనబడుతుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. శ్రీకాకుళం దగ్గర పుట్టి, విజయనగరంలో చదివి, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ఇంచుమించు అదే కాలంలో అక్కడ ఒక ప్రభుత్వం పిల్లల నోట్లోంచి భాషని పీకేస్తుంటే, ఇక్కడ ఒక పంతులుగారు వాళ్ల భాషకి అక్షరాలు వెతికారు. కొండల మీద సవరలు, జాతాపులు ఉన్న జిల్లాలవాళ్లం మనం. నల్లా కథ మనకి దూరపు కథ కాదు.

డార్విన్ మీద బాంబులు పడటం నిజమేనా?

నిజమే. 1942 ఫిబ్రవరి 19న, పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన జపాను నౌకాదళమే పది వారాల తర్వాత డార్విన్ మీదకొచ్చింది. మొదటి దాడిలో 188 విమానాలు, అదే రోజు మధ్యాహ్నానికల్లా రెండో దాడి. 230 మందికి పైగా చనిపోయారు. బాథర్స్ట్ దీవిలోని ఒక మిషన్ ఫాదరీ విమానాలు చూసి రేడియోలో ముందే హెచ్చరించాడు. ఊళ్లో సైరన్ సమయానికి మోగలేదు.

మనవాళ్లకి ఇది వేరే ఖండం ముచ్చటగా అనిపించనక్కర్లేదు. సరిగ్గా ఏడు వారాలు తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి మన విజయనగరం, శ్రీకాకుళం రెండూ విశాఖ జిల్లాలోనివే. విశాఖలో జనం ఇళ్లకి తాళాలు వేసి, బళ్ల మీదా కాలినడకనా ఊళ్లు పట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు తరలిపోయింది. మా మేడ మీదకొచ్చే పెద్దవాళ్లలో కొందరు ‘బాంబుల ఏడాది’ గురించి తమ అమ్మానాన్నల నోట విన్నవాళ్లే. తెర మీద డార్విన్ రేవు కాలుతుంటే వాళ్లు చెప్పే మాటలు వినడానికి సినిమా ఆపేయడం కూడా తప్పు కాదు.

అయితే చరిత్ర అంతా నిజమేనా?

కాదు. పెద్ద చట్రం నిజం, దాని లోపల చాలా భాగం కల్పన. సారా భర్తది అని చూపిన ‘ఫారవే డౌన్స్’ క్షేత్రం కల్పితం. జపాను సైనికులు దీవిలో దిగి మిషన్ మీద పడినట్టు చూపిన ఘట్టం జరగలేదు, అక్కడ దాడి గాల్లోంచి మాత్రమే జరిగింది. తెర మీద కనిపించే 1940ల డార్విన్‌లో చాలా భాగం క్వీన్స్‌లాండ్‌లోని బోవెన్ అనే ఊళ్లో వేసిన సెట్టు.

ఇలాంటి సినిమాలు చూసేటప్పుడు మన జిల్లావాళ్లకి ఒక అదనపు తెలివి ఉంది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. దాన్ని జంగం కథగా పాడారు, బుర్రకథ చెప్పారు, 1964లో ఎన్టీ రామారావు, భానుమతి, ఎస్వీ రంగారావులతో సినిమా తీశారు. తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూకే దృశ్యం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ అదే కథని బొబ్బిలిలో ఒకలా, విజయనగరం కోట పక్కన ఇంకోలా చెప్తారు. ఒక ఊళ్లో వీరుడైనవాడు పక్క ఊళ్లో అంత వీరుడు కాడు. రెండు ఊళ్ల మధ్యా దూరం గంటన్నర బస్సు ప్రయాణం. వీరగాథని కళ్లనీళ్లతో చూడటం, తర్వాత ‘అవతలివాళ్లు ఏం చెప్తారు?’ అని అడగడం, రెండూ మనకి చిన్నప్పటి నుంచి అలవాటే. ‘ఆస్ట్రేలియా’నీ అలాగే చూడండి.

మొదట్లో ఏదో హెచ్చరిక వస్తుంది. ఏమిటది?

చనిపోయినవారి బొమ్మలు, గొంతులు ఇందులో ఉండొచ్చు, ఆదివాసీ ప్రేక్షకులు గమనించగలరు అని. అక్కడి చాలా తెగల్లో పోయినవారి పేరు ఎత్తకూడదు. కథలో కూడా ఒక మరణం తర్వాత నల్లా ఆ పేరు పలకనివ్వడు.

‘విజర్డ్ ఆఫ్ ఓజ్’ పాట అస్తమానం ఎందుకొస్తుంది?

కథ మొదలయ్యే 1939లోనే ఆ సినిమా వచ్చింది. అదే ఏడాది ‘గాన్ విత్ ద విండ్’ కూడా వచ్చింది, రెండింటి మీదా దర్శకుడిగా విక్టర్ ఫ్లెమింగ్ పేరే ఉంటుంది. లుర్మన్ ఈ రెండింటికీ ఒకేసారి దణ్ణం పెట్టుకున్నాడు.

కానీ సినిమాలో ఆ పాట వచ్చిన మొదటి చోటు చూడండి. కుర్రాడు దుఃఖంలో ఉంటాడు. పిల్లల్ని ఓదార్చడం సారాకి చేతకాదు. ఏదో ఒకటి చెప్పాలని, సగం మరిచిపోయిన ఓజ్ కథ తడబడుతూ మొదలుపెడుతుంది. ఇంద్రధనుస్సు పాట కూనిరాగం తీస్తుంది, మాటలు సరిగ్గా గుర్తుండవు. శ్రుతీ కుదరదు. ఇంద్రధనుస్సు అనగానే కుర్రాడికి తన తాత చెప్పిన ఇంద్రధనుస్సు సర్పం గుర్తొస్తుంది. ఆవిడ చెప్పేది ఒక కథ, వాడు వినేది ఇంకో కథ, అయినా ఇద్దరూ ఒకరికొకరు అందుతారు. నాకు ఈ సినిమా మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన సీను ఇదే, పశువుల సీను కంటే కూడా. తర్వాత అదే రాగం మౌతార్గాన్ మీద వినిపించినప్పుడల్లా ఈ రాత్రి గుర్తుకొచ్చేలా డేవిడ్ హిర్ష్‌ఫెల్డర్ సంగీతం అల్లాడు.

విమర్శకులకి నచ్చలేదట కదా? ఫ్లాపా?

అభిప్రాయాలు రెండుగా చీలాయి. సుమారు 13 కోట్ల డాలర్ల ఖర్చుకి ప్రపంచమంతా కలిపి 21 కోట్ల పైచిలుకు వచ్చింది, పెట్టినంత ఆశకి తగ్గట్టు ఆడలేదు. ఆస్కార్‌కి ఒక్క నామినేషన్, దుస్తులకి. వాటిని రూపొందించింది దర్శకుడి భార్య కేథరిన్ మార్టిన్. అందరికంటే న్యాయమైన విమర్శ మాత్రం వేరే: ఆదివాసీల గొంతుతో మొదలుపెట్టి, ఆఖరికి కాపాడే పనంతా తెల్లవాళ్ల చేతికే ఇచ్చారని. డ్రోవర్ బావమరిది మాగారీ లాంటి మనిషికి ఇంకో నాలుగు సీన్లు రాసి ఉంటే ఆ విమర్శ చాలా తగ్గేది. బార్‌లో తన పక్కన నిలబడి తాగే హక్కు కూడా లేని స్నేహితుడతను. ఆ బాధని సినిమా చూపిస్తుంది, తగినంత సేపు చూపించదు.

పిల్లలతో చూడొచ్చా?

పదేళ్లు దాటినవాళ్లతో చూడొచ్చు. నీళ్ల ట్యాంకు సీనులో పక్కన కూర్చోండి.

మా నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. అర్థమవుతుందా?

మా వీధిలో ఒక మామ్మగారు సబ్‌టైటిల్స్ చదవకుండానే మొత్తం చూశారు. ఎవరు ఎవరికి ఏమవుతారో మొదట ఒకసారి చెప్పండి చాలు, మిగతాది మొహాలూ రాగాలూ చెప్తాయి. నల్లా మాట్లాడే విరిగిన ఇంగ్లీషు కొత్తలో మనకీ అందదు, ఐదు నిమిషాల్లో చెవికి పడుతుంది.

ఫోన్‌లో చూస్తే సరిపోదా?

దయచేసి వద్దు. వెడల్పు తెర కోసం తీసిన సినిమా ఇది. ఫోన్‌లో ఆ గుర్రాలు చీమల్లా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న పెద్ద టీవీ, లైట్లు ఆర్పేసిన గది, వీలైతే బయట స్పీకర్లు. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

‘ఫారవే డౌన్స్’ అని సిరీస్ కూడా ఉందట. అది చూస్తే చాలా?

2023 నవంబరులో వచ్చింది. 2008లో తీసి వాడకుండా ఉంచిన దృశ్యాలతో లుర్మనే మళ్లీ కూర్చి, ఆరు భాగాలు చేశాడు. ముగింపు కూడా వేరు. నల్లాకి, తాతకి ఎక్కువ చోటు దొరికింది, పై విమర్శకి కొంత జవాబు అందులో ఉంది. కానీ ముక్కలుగా చూస్తే మంద ఎడారి దాటే ఆ ఒక్క ఊపు తెగిపోతుంది. ముందు సినిమా చూడండి. నచ్చితే ఒక నెల ఆగి సిరీస్ పెట్టుకోండి, అప్పటికి పాత ముగింపు మనసులో కుదురుకుని ఉంటుంది కాబట్టి కొత్తది ఎంత వేరుగా ఉందో బాగా తెలుస్తుంది.